ఘాట్ కింద పంక్చర్లు

ఉస్తాద్ పోయాడన్న కబురు ఫోన్‌లో వచ్చింది. ఫోన్‌లో వచ్చే ఏ మాటనూ నేను మొదటిసారే నమ్మను. నిర్మల్‌లో ఆయన సైకిల్ దుకాణం పక్కనే ఉన్న చాయ్ హోటల్ యజమాని చేశాడు. "మేడం, ఉస్తాద్ గుజర్ గయా. పొద్దుగాల వచ్చి షట్టర్ సగం లేపిండు. గంతే. గా స్టూల్ మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అన్నాడు. నేను సరేనని పెట్టేశాను. ఐదు నిమిషాలాగి, నేనే మళ్లీ ఫోన్ చేసి, ఏ ఉస్తాద్ అని అడిగాను. "ఎంతమంది ఉస్తాద్‌లున్నరు మేడం మనకు?" అని ఆయన గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక నమ్మాను.

నా స్వభావం అలాంటిది, ముందే చెప్పుకుంటే మంచిది. మాది సిరిసిల్ల. నాన్న, మేం బాపు అంటాం, సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. చదువుకునే రోజుల్లో సెలవులొస్తే నేను బట్ట చూసే పనికి కూర్చునేదాన్ని. థాను మొత్తం వెలుతురుకు అడ్డంగా లాగుతూ ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ పోగు జారింది అని వెతకడమే ఆ పని. బాగున్న బట్టను చూసినందుకు ఎవరూ మెచ్చుకోరు, తప్పు పట్టినందుకే మెచ్చుకుంటారు. ఆ చూపు మెల్లగా మనుషుల మీదికీ తిరిగింది. "నీకు పిలగాడు దొరుకుడు కష్టం కాదే, నీ సూపుకు ఆగుడు కష్టం" అనేది మా అవ్వ.

పదేళ్లుగా నేను నిర్మల్ నుంచి సైకిల్ యాత్రలు నడుపుతున్నాను. వర్షాలు వెనకబట్టాక మొదలుపెట్టి, మోదుగులు పూసేదాకా. నాలుగు రోజుల యాత్ర. మొదటిరోజు సైకిళ్ల మీద నిర్మల్ దాటి పాత ఘాట్ రోడ్డు ఎక్కుతాం. తర్వాత రెండు రోజులు సైకిళ్లు వదిలేసి టేకు అడవుల్లో, గుట్టల మీద నడక. రాత్రికి ఏదైనా గూడెంలో జొన్నరొట్టె తిని పడుకుంటాం. నాలుగోరోజు ఇచ్చోడ దాకా దిగుడు రోడ్డు. హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి పదిమంది దాకా వస్తారు. ముందు నా సైకిల్ ఉంటుంది. అందరికంటే చివరి సైకిల్ ఉస్తాద్‌ది. సామాను మోసే జీపు ఘాట్ పైన ఎదురుచూస్తుంది.

కబురు తెలిసిన రోజు నేను వెళ్లేసరికి మగవాళ్లు కబరస్థాన్‌కు బయలుదేరిపోయారు. నేను లోపల ఉస్తాద్ భార్య, చాచీ దగ్గర కూర్చున్నాను. ఆమె ఏడవలేదు, నా చెయ్యి పట్టుకుని "మీ టూర్ అయితే ఖుషీగ పోతుండె బిడ్డా" అని మాత్రం అంది. బయటికి వచ్చి చాయ్ హోటల్ ముందు నిలబడ్డాను. అక్కడ టూరిస్టులకు జీపులు నడిపే ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. "మంచి మిస్త్రీ ఉండె మేడం. గని గాలి తీస్తుండెనట గదా సైకిళ్లకు? గందుకే మీరు తీసేసిన్రట?" అన్నాడు.

ఆ "అట" నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఎందుకంటే ఆ మాట పుట్టింది నా నోటినుంచే. ఐదేళ్ల కింద నేను అన్న మాట, ఊరంతా తిరిగి, మనిషిని మట్టిచేసే రోజుకు నా దగ్గరికే వచ్చింది. ఆ మాటను సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను. చదువుతున్న మీలో మాతో కొండలెక్కినవాళ్లు ఉంటారు. ఘాట్ కింద సైకిల్ పంక్చరై, వాగు ఒడ్డున అరగంట కూర్చున్నవాళ్లూ ఉంటారు. ముఖ్యంగా మీకు చెప్పాలి.

మొదటిసారి ఆయన దుకాణానికి వెళ్లింది నా గేర్ల సైకిళ్లు పన్నెండింటినీ చూసుకునే మనిషి కోసం. ఒకప్పుడు గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చిన దుకాణం అది. నేను చూసేసరికి బైకుల పంక్చర్లే ఎక్కువ. ఆయన నా సైకిల్ చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. గేర్లు లెక్కపెట్టాడు. "గిన్ని గేర్లెందుకు బిడ్డా? కాళ్లు రెండే గదా" అన్నాడు. ఆ తర్వాత ప్రతి నట్టు మీదా పానా పెట్టి చూశాడు, కంపెనీ నుంచి పెట్టెలో వచ్చినదని చెప్పినా వినలేదు. మూడు నట్లు వదులుగా దొరికాయి. ఆ మూడింటినీ నా అరచేతిలో పెట్టి "కంపెనీకి సలాం" అన్నాడు. నాకంటే అనుమానపు మనిషి నాకు లోకంలో మొదటిసారి దొరికాడనిపించింది. వెంటనే రమ్మన్నాను.

వచ్చాడు కాని తన నల్ల సైకిల్ మీదనే వచ్చాడు. గేర్లు లేవు. వెనక క్యారియర్ మీద గాలిపంపు, ఒక రేకు డబ్బా, దాని మీద బోర్లించి తాడుతో కట్టిన నీలిరంగు ప్లాస్టిక్ తొట్టి. ఆ తొట్టిని చూసి టూరిస్టులు నవ్వేవారు, కొండల్లోకి స్నానానికి పోతున్నావా అని అడిగేవారు. పంక్చర్ చూడాలంటే ట్యూబును నీళ్లలో ముంచి తిప్పాలి, బుడగ ఎక్కడొస్తే చిల్లు అక్కడ. ఆ పని వాగులో కుదరదట. "వాగుకే బుడగలుంటయి. ఎవరి బుడగ ఏదో ఎట్ల తెల్వాలె?" అనేవాడు. ఘాట్ వచ్చాక ఆయన దిగి సైకిల్‌ను తోసుకుంటూ నడిచేవాడు. నేను మంచి సైకిల్ ఇస్తానంటే ఒప్పుకోలేదు. "ఎక్కేటప్పుడు నేను దీన్ని మోస్త, దిగేటప్పుడు ఇది నన్ను మోస్తది. బరాబర్."

చివరి మనిషిని నమ్మడం ఎంత కష్టమో ముందు నడిచేవాళ్లకే తెలుస్తుంది. ఆయనకు నా వీపు రోజంతా కనిపిస్తుంది. నాకు ఆయన ఎప్పుడూ కనబడడు. వెనక ఏం జరుగుతోందో ఈలలో తెలియాలి. ఒక ఈల అంటే అంతా బాగుంది, రెండు ఈలలంటే ఆగు. ప్రతి యాత్రలోనూ ఘాట్ మొదలవ్వకముందు వాగు మీద కల్వర్టు దగ్గర నీళ్లకు ఆగేవాళ్లం. ప్రతి యాత్రలోనూ, మళ్లీ బయలుదేరబోయే సమయానికి, రెండు ఈలలు వినబడేవి. ఎవరిదో ఒకరిది పంక్చర్.

మొదటి రెండేళ్లు ముళ్లను తిట్టుకున్నాను. మూడో ఏడు అనుమానం మొదలైంది. ఒకరోజు ఒక్కదాన్నే వెళ్లి ఆ కల్వర్టుకు అటూ ఇటూ రోడ్డంతా వంగి చూశాను. తుమ్మచెట్టు అనేదే లేదు అక్కడ. అన్నీ టేకులు. టేకాకు టైరును ఏం చేస్తుంది? అక్కడికి దగ్గర్లో ఒక చిన్న హోటలుంది, ఆ హోటల్ వాళ్లు ఆయనకు చుట్టాలేమో, అక్కడ మమ్మల్ని కూర్చోబెట్టడానికే ఇదంతానేమో అని ఆరా తీశాను. చుట్టాలు కారు సరికదా, వాళ్ల చాయ్ అంటేనే ఆయనకు పడదు. అయినా నా అనుమానం తగ్గలేదు. అనుమానానికి ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ యాత్రలో ఎవరి సైకిల్ పంక్చరయింది, ఎన్నో నంబరు సైకిల్, ముందు చక్రమా వెనక చక్రమా. రాసుకుంటూ పోతే ఒక సంగతి బయటపడింది. కాళ్లు నొప్పులని పొద్దున్నుంచీ మూలిగేవాళ్ల సైకిళ్లకు ఎప్పుడూ ఏమీ కాదు. వాళ్లు దిగి నడుస్తారు, లేదా జీపును పిలవమంటారు. పంక్చరయ్యేది ఎప్పుడూ గట్టివాళ్లవే. పందెం కట్టేవాళ్లవి, పక్కవాళ్లకు ధైర్యం చెప్పేవాళ్లవి, నేను బాగానే ఉన్నానని అడగకుండానే చెప్పేవాళ్లవి. ఉస్తాద్‌కు గట్టివాళ్లంటే గిట్టదని తేల్చుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఐదో ఏడు, ఒక యాత్ర ముగిసి సైకిళ్లు షెడ్డుకు చేరాక, పంక్చరయిన సైకిల్ టైరు నేనే విప్పాను. ట్యూబు బయటికి తీసి, థాను చూసినట్టే, వెలుతురులో అంగుళం అంగుళం చూశాను. పంక్చర్ వేస్తే ట్యూబుకు అతుకు ఉండాలి కదా. లేదు. అంతకుముందు పంక్చరయినవని నోటుబుక్కులో ఉన్న మరో మూడు సైకిళ్లు విప్పాను. వాటికీ లేదు. నాలుగు ట్యూబులూ కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి. ఆ సాయంత్రం నేను తిండి తినలేదు. అబద్ధం దొరికిందన్న సంతోషమే నాకు ఎక్కువగా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాతి యాత్రలో కల్వర్టు దగ్గర అందరూ సైకిళ్లు ఆనించి వాగులోకి దిగారు. రోడ్డు చూసొస్తానని చెప్పి నేను మలుపు దాకా వెళ్లి, టేకుల చాటునుంచి వెనక్కి వచ్చి నిలబడ్డాను. ఉస్తాద్ అటూ ఇటూ చూశాడు. ఒక సైకిల్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వాల్వు మూత తీసి జేబులో వేసుకున్నాడు. గేర్ల సైకిళ్ల వాల్వులో నడుమ ఒక పిన్ను ఉంటుంది. దాన్ని గోటితో నొక్కాడు. గాలి పోతున్న చప్పుడు నాకు వినబడింది. తర్వాత లేచి, తాపీగా రెండు ఈలలు వేశాడు.

ఆ సైకిల్ ఒక పెద్దమనిషిది. హైదరాబాద్ నుంచి భార్యతో వచ్చాడు. పొద్దున్నుంచీ అందరికంటే ముందుండి, వెనకబడ్డ కుర్రకారును ఆటపట్టిస్తూ వచ్చాడు. ఇప్పుడు రాయి మీద కూర్చుని నీళ్ల సీసా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నేను ఆయన ముందే, అందరి ముందే, ఉస్తాద్‌ను నిలదీశాను.

"గాలి ఎవరు తీసిన్రు ఉస్తాద్?"

ఆయన నా వైపు చూసి, నేనెక్కడినుంచి వచ్చానో టేకుల వైపు చూశాడు. "నేనే తీసిన" అన్నాడు.

"ఎందుకు?"

"దమ్ము చాలక."

"ఎవరికి?"

ఒక్క క్షణం ఆయన కళ్లు ఆ రాయి దాకా వెళ్లి తిరిగొచ్చాయి. అది నేను చూశాను. చూసి, తప్పించుకునే దారి వెతుకుతున్నాడనుకున్నాను.

"నాకే బిడ్డా. ముసలోన్ని అయితున్న గదా. జర కూసుందామని."

అందరూ నవ్వారు. ఎవరో ఫోటో కూడా తీశారు. ఆయన తొట్టి విప్పలేదు, సైకిల్‌కు గాలి కొట్టి ఇచ్చేశాడు. నేను మాత్రం కోపం చల్లారక అరగంట దాకా ఎవరినీ కదలనివ్వలేదు. అరగంట తర్వాత ఆ పెద్దమనిషే అందరికంటే ముందు ఘాట్ ఎక్కాడు. అంత మంచి రైడర్‌నా నువ్వు ఆపింది అని దాన్ని కూడా ఉస్తాద్ లెక్కలోనే వేశాను. యాత్ర అయ్యాక వాట్సాప్ గ్రూపులో రాశాను, మా మెకానిక్ కావాలనే గాలి తీసినట్టు తేలింది, క్షమించండి, ఆయనను తొలగించాం అని. ఉస్తాద్ ఈలనూ, యాత్రలో వేసుకునే పసుపుపచ్చ కోటునూ మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఒక్క మాట అనలేదు. మాట్లాడనివాడే దొంగ అని అప్పుడు నా నమ్మకం.

ఆయన స్థానంలో ఒక వస్తాదులాంటి మనిషిని పెట్టుకున్నాను. చేతిలో వాకీటాకీ, కళ్లకు నల్లద్దాలు. ఒక్క పంక్చర్ కాలేదు. యాత్రలన్నీ సమయానికి నడిచాయి. నాకు మహా సంతోషం. రెండో నెలలో లక్సెట్టిపేట నుంచి ఒక హెడ్మాస్టరు వచ్చారు, కొత్తగా రిటైరయ్యారు. కూతురు, అల్లుడు వెంట ఉన్నారు. కల్వర్టు దగ్గర ఆయన ముఖం చూసి, ఎలా ఉంది సార్ అని అడిగాను. "ఫస్ట్ క్లాస్" అన్నారు. ఘాట్ సగంలో సైకిల్ మీదనే ముందుకు తూలి రోడ్డు మీద పడ్డారు. పై నుంచి జీపు దిగి రావడానికి పట్టిన ఆ పది నిమిషాలు నేను ఆయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి ఉందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి, ఉందని తెలిసినా నమ్మలేక, మళ్లీ మళ్లీ పెట్టి చూశాను.

బతికారు. వారం తర్వాత ఆసుపత్రిలో చూడటానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. కూతురు బయటికి వెళ్లేదాకా ఆగి, మెల్లగా అడిగాను. మీకు ముందే తెలిసింది కదా సార్, ఎందుకు ఆగలేదు?

"కల్వర్టు కాన్నే తెలిసింది మేడం. ఛాతిల బండ పెట్టినట్టుండె. గని అల్లుని ముంగట, అందరు ఎక్కుతుంటే నేనొక్కన్ని ఎట్ల దిగుడు? సైకిల్‌కే ఏదన్న అయితే మంచిగుండు, సైకిల్‌కే ఏదన్న అయితే మంచిగుండు అని అనుకుంటనే తొక్కిన."

నేను లేచి వరండాలోకి వచ్చాను. నోటుబుక్కులోని పేర్లన్నీ వరుసగా గుర్తొచ్చాయి. పందెం కట్టినవాళ్లు, ధైర్యం చెప్పినవాళ్లు, అడగకుండానే బాగున్నామన్నవాళ్లు. అతుకు లేని ట్యూబులు. రాయి దాకా వెళ్లి తిరిగొచ్చిన ఉస్తాద్ కళ్లు. ఇంత పెద్ద తప్పు పోగు కళ్లముందే ఉంటే, బట్ట చూసే నా కన్నుకు అది కనబడలేదు. సిగ్గుతో ఏడ్చాను.

నిర్మల్ వెళ్లేసరికి ఆయన ఒక చక్రానికి పుల్లలు సరిచేస్తున్నాడు. తలెత్తలేదు. స్టూలు కాలితో నా వైపు జరిపాడు. నేను హెడ్మాస్టరు సంగతి చెప్పాను. "బతికిండా?" అని ఒక్కటే అడిగాడు. బతికారన్నాను. అప్పుడు చక్రం తిప్పడం ఆపాడు.

"గా దినం నాకెందుకు చెప్పకపోతివి ఉస్తాద్?"

"గాయన గక్కడనే కూసున్నడు గదా బిడ్డా. ఆయన ముంగట, ఆయన భార్య ముంగట, ఎట్ల చెప్త? మొగోడు అలసిపోయిన అని ఒప్పుకోడు. ఆడోళ్లు గూడ కొందరు ఒప్పుకోరు. సైకిల్ అలసింది అంటే అందరు ఒప్పుకుంటరు. సైకిల్‌కు పోయేటి ఇజ్జత్ లేదు గదా."

ఎవరు అలసిపోయారో ఎలా తెలుస్తుంది అని అడిగాను. "మడిమె జూడాలె. నోరు అబద్ధం చెప్తది, మొఖం గూడ చెప్తది. మడిమెకు రాదు. దమ్ము అయిపోయినోని మడిమె పెడల్ మీదికెళ్లి కిందికి జారుతది. ఎన్కకెళ్లి అన్ని కనవడ్తయి." అందుకే ఆయన చివర ఉండేవాడు. రోజంతా ఆయన చూసేది మడమలే.

అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. బాపు చనిపోయిన ఏడాది, దినకర్మ అయిన మర్నాడే నేను యాత్రకు బయలుదేరాను. పని చేస్తే మరిచిపోతాననుకున్నాను. కల్వర్టు దగ్గర నా సైకిల్ పంక్చరయింది. ముందుండే మనిషికే ఇలా కావాలా అని ముళ్లనూ టైరునూ తిట్టి, వేరే దారిలేక వాగు ఒడ్డున కూర్చుని, నీళ్లు చూస్తూ ఉండగా బాపు కోసం మొదటిసారి ఏడుపొచ్చింది. ఉస్తాద్ నాకు వీపు తిప్పి కూర్చుని, ఆ రోజు ట్యూబును మహా తీరిగ్గా తిప్పాడు. "నాది గూడనా?" అని ఇప్పుడు అడిగాను.  "నీ ఈపు చెప్పింది తియ్" అని చక్రం మళ్లీ తిప్పాడు.

అప్పటికప్పుడే ఫోన్ తీసి, గ్రూపులో నిజం రాస్తానన్నాను. ఆయన నూనె చేత్తోనే ఫోన్ మీద చెయ్యి పెట్టేశాడు. "వద్దు. గట్ల రాస్తే గాయన ఏమనుకుంటడు? నా సైకిల్ గాలి ఎందుకు తీసిండు అని ఎతుకుతడు. ఆయన భార్య గూడ ఎతుకుతది. నా ఫికర్ జేయకు. ముసలోనికి దమ్ము చాలలే అంటరు, అననీ. ఇయ్యాల కాకపోతే రేపన్న నిజమయ్యేదే గదా." నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఆయనకు ఏడుపు చూడటం చేతకాదు. "నువ్వు అతుకు ఎతికినవ్ సూడు, గది మంచి పని. గట్లనే జూడాలె. గని బిడ్డా, మనిషి మీద అనుమానపడుడు అల్కటి పని, ఎవలైన జేస్తరు. మనిషి కోసం అనుమానపడు" అన్నాడు. తర్వాత, చాయ్ చెప్పమన్నాడు.

మళ్లీ వచ్చాడు. ఐదు చలికాలాలు మేమిద్దరం కలిసి అబద్ధమాడాం. కల్వర్టు దగ్గర నేను టూరిస్టులకు అడవి గురించి, జలపాతం గురించి కథలు చెబుతూ వాగు వైపు తిప్పేదాన్ని, వెనక ఆయన పని ఆయన చూసుకునేవాడు. మడమలు చూడటం నేర్పాడు. కొన్నిసార్లు నేను ఒకరిని అనుకుంటే ఆయన ఇంకొకరిది తీసేవాడు, ప్రతిసారీ ఆయనదే నిజమయ్యేది. ఊళ్లో మాత్రం నా పాత మాట తిరుగుతూనే ఉంది. నిప్పులేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పు ఎవరు పెట్టారో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. అయినా ఒక్కసారి ఎత్తిపొడవలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. ఘాట్ కింద మీ సైకిల్ పంక్చరయి ఉంటే, అది పంక్చర్ కాదు. మీరు అలసిపోయారు. ఆ సంగతి మీకు తెలుసు, ఒక ముసలాయనకు తెలుసు. మీ పేర్లున్న ఆ నోటుబుక్కును హెడ్మాస్టరును చూసొచ్చిన రోజే పొయ్యిలో పెట్టాను, కాబట్టి భయపడకండి. ఆ పెద్దమనిషి ఇది చదివితే, ఆయనకు ఒక్క మాట. మీరేం తప్పు చేయలేదు సార్. తప్పు నాది. కాని ఉస్తాద్ గురించి ఎవరైనా ఆ "అట" అంటే, ఇకమీదట అక్కడ ఊరుకోకండి.

ఈ చలికాలం చివరి యాత్రలో, నిర్మల్ దాటిన కాసేపటికే నాకు ఈల మీద అనుమానం వచ్చింది. ఒక్క ఈలే, అంతా బాగుందన్న ఈలే. కాని పొట్టిగా, మధ్యలో తెగిపోయింది. నేను ముందు ఇంకొకరిని పెట్టి వెనక్కి వచ్చాను. "ఎందుకొచ్చినవ్?" అన్నాడు. ఊరికేనన్నాను. "ఏం లేదు, జర చలి" అన్నాడు, నేను ఏమీ అడగకముందే. పదేళ్లలో మొదటిసారి ఆయన వెనక తొక్కాను. రబ్బరు చెప్పులో ఆయన మడమ, పగుళ్లు తేలిన మడమ, పెడల్ మీదినుంచి జారింది. ఎక్కించుకున్నాడు. మళ్లీ జారింది. దిగు ఉస్తాద్, జీపును పిలుస్తా అని నోటిదాకా వచ్చింది. ముందు పదిమంది టూరిస్టులు. మింగేశాను.

కల్వర్టు దగ్గర ఆయన అందరికీ నీళ్లు పట్టిస్తుండగా నేను ఆ నల్ల సైకిల్ పక్కన గొంతుక్కూర్చున్నాను. దానిది పాతకాలపు వాల్వు, పిన్ను ఉండదు, మర విప్పాలి.  మూత పిడికిట్లో పట్టుకుని మర తిప్పాను. గాలి ఒక్కసారిగా బుస్సుమంది. అది విన్నాడో లేదో నాకు తెలియదు. ఆయన ఈల నా దగ్గర లేదు, అందుకని నోటితోనే రెండుసార్లు ఈల వేశాను.

ఆయన వచ్చి టైరును బొటనవేలితో నొక్కాడు. మూత లేని వాల్వును చూశాడు. బిగించి ఉన్న నా పిడికిలి చూశాడు. నా ముఖం చూశాడు. నేను కూడా ఆయన ముఖమే చూశాను. 

ఆ రోజు ఆయన ఘాట్ జీపులో ఎక్కాడు, ట్యూబు పనికి రాదన్న నెపం మీద. కొండ దిగాక నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గుండె బాగా అలసిపోయిందన్నారు, మందులిచ్చారు. ఆ తర్వాత రెండు నెలలు ఉన్నాడు, దుకాణం తెరుస్తూనే ఉన్నాడు. రోజూ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగితే, "ఫస్ట్ క్లాస్" అనేవాడు. హెడ్మాస్టరు మాట అది. నేను చెప్పిందే. నన్ను ఆటపట్టించడానికి అనేవాడు. వాల్వు మూత ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తిరిగి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

కాని ఉస్తాద్ అంటే నాకు కనబడేది ఆ రోజు, ఆ కల్వర్టు దగ్గరే. గాలి కొడితే సరిపోయే సైకిల్‌కు ఆయన తొట్టి విప్పాడు. వాగు నీళ్లు ముంచి తెచ్చుకున్నాడు. రాయి మీద కూర్చున్నాడు. టైరు విప్పి, ట్యూబు బయటికి తీసి, గాలి నింపి, నీళ్లలో ముంచి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. టూరిస్టులు వాగులో నవ్వుకుంటున్నారు. ఆయన ఊపిరి కొంచెం కొంచెంగా నెమ్మదించడం నాకు వినబడుతోంది.

"దొరకలేదా ఉస్తాద్?"

"దొరకలే బిడ్డా. చిల్లు బారీక్ ఉన్నట్టుంది, కంటికి ఆనుతలేదు. జర టైం పడ్తది."

"పడనీ."

తొట్టిలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. ట్యూబు ఒక చుట్టు పూర్తయింది. ఒక్క బుడగ రాలేదు. ఆయన ఇంకో చుట్టు తిప్పాడు.